గులాబీల కొండ దిగాల్సిన బండి

2022, మార్చి నెలాఖరు. మస్కట్‌లో రూవీని ఆనుకుని వాదీ కబీర్ అని గ్యారేజీల వాడ ఉంది. ఒక సందులో డెంటింగ్, ఒక సందులో పెయింటింగ్, ఇంకో సందులో టైర్లు. అక్కడ ఒక షెడ్డులో నేను ఇంజిన్, గేరుబాక్సు పని చేస్తాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. కూలీగా వచ్చి పార పట్టాను, తర్వాత పానా పట్టాను. అక్షరాలు యాభై దాటాక రూమ్‌లో ఒక తమ్ముడు నేర్పితే వచ్చాయి. కాబట్టి ఇందులో సొగసులు వెతక్కండి. జరిగింది రాస్తాను, పనికొస్తే ఉంచుకోండి.

పాత బండి విషయంలో మా దగ్గరికి వచ్చేవాళ్ళు రెండు రకాలు. కొనకముందు చూపించుకునేవాళ్ళు ఒక రకం, కొన్నాక ఏడ్చేవాళ్ళు ఇంకో రకం. మనవాళ్ళు ఎక్కువగా రెండో రకమే. పరాయి దేశంలో తెలుగు మాట చెవిన పడితే చాలు, మనసు మెత్తబడిపోతుంది. అమ్మేవాణ్ణి "అన్నా, ఏ జిల్లా?" అని అడుగుతారు గానీ, "బండిని ఆఖరుసారి ఎందుకు విప్పారు?" అని అడగరు. జిల్లా పేరు చెప్పగానే సగం బేరం అయిపోతుంది. మిగతా సగం మంచిరోజు చూసుకుని ముగిస్తారు.

ఆ శనివారం పొద్దున వచ్చిన బండి ఈ రెండు రకాల్లోనూ లేదు. దానికి పూజ అయింది, కాగితాల్లో పేరు మారలేదు.

తెల్లరంగు ఫోర్ వీల్ బండి. మామూలు కార్లలో ఇంజిన్ బలం రెండు చక్రాలకే అందుతుంది, ఇందులో నాలుగింటికీ అందుతుంది. చాలా ఏళ్ళు తిరిగిన బండే గానీ పెళ్ళికూతురిలా ఉంది. బానెట్ మీద పసుపు, కుంకుమ బొట్లు. బంపరుకు నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ. టైర్ల గాడుల్లో ఇరుక్కున్న నిమ్మతొక్కలు ఇంకా ఎండలేదు. స్టీరింగు దగ్గర నుంచి నలభై ఏళ్ళ అమ్మాయి దిగింది. పక్కసీట్లోంచి వాళ్ళమ్మ దిగింది. దిగుతూనే ఆమె చూపు నా చేతిలోని తడిగుడ్డ మీద పడింది.

"మేస్త్రీ గారూ, బొట్లు తుడిచేసేరు! నిన్ననే పెట్టించామండీ."

"నేను బండి కడగనమ్మా. కింద సూస్త," అన్నాను.

"అయితే పర్లేదండి. కింద బొట్టు పెట్టలేదు."

అమ్మాయి పేరు వసుంధర. తూర్పు గోదావరి, కడియం వాళ్ళు. వెనక ఒకసారి మస్కట్‌లో రెండేళ్ళు ఉద్యోగం చేసి వెళ్ళిందట, లైసెన్సు అప్పటిదే. ఇప్పుడు ఒక కంపెనీకి లెక్కల పని మీద ఏడాది కాంట్రాక్టుతో మళ్ళీ వచ్చింది. "నాలుగు రోజులు కంప్యూటరు, మూడు రోజులు కొండలు. ఆ షరతు మీదే ఒప్పుకున్నాను అంకుల్," అని నవ్వింది. అద్దె కారుతో ఏడాది గడపడం దండగని పాత బండి వెతుక్కుంది. తల్లి రత్నమ్మ గారు విజిట్ వీసా మీద కూతురి దగ్గరికి వచ్చారు.

బండి అమ్ముతున్నవాడు నరేశ్. అల్ అమెరాత్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఫోర్‌మన్. మా జగిత్యాల వైపువాడే, నాకు ముఖపరిచయం ఉంది. వీసా రద్దు చేసుకుని ఇంటికి పోతున్నాడు. బండి అతని పేరు మీద నుంచి దిగితేగాని ఆ కాగితాలు ముందుకు కదలవు. బయానా తీసుకుని, మనవాళ్ళే కదా అని తాళాలు ముందుగానే ఇచ్చేశాడు. పేరు మార్చే ఆఫీసుకు శుక్ర, శనివారాలు సెలవు. రత్నమ్మ గారికేమో శుక్రవారమే మంచిరోజు. అందుకని పూజ శుక్రవారం పెట్టుకున్నారు, కాగితం ఆదివారం పెట్టుకున్నారు, మధ్యలో శనివారం నా దగ్గర ఆయిల్ మార్పు. ముందు దండ వేసి తర్వాత జాతకం చూడటం అన్నమాట. ఇలాంటి వరస మనవాళ్ళకు తప్ప ఇంకొకరికి తోచదు.

"వచ్చే వారం గ్రీన్ మౌంటెన్ వెళ్తున్నాం అంకుల్. ఆయిల్ మార్చి, ఒకసారి అంతా చూసి పెట్టండి," అంది వసుంధర.

"ఏమున్నదక్కడ?" అన్నాను. నేను ఆ కొండెక్కింది ఎప్పుడైనా ఆగిపోయిన బండ్ల కోసమే.

"గులాబీలండీ!" అన్నారు రత్నమ్మ గారు. "మా కడియం నర్సరీలో గులాబీ అంట్లు కట్టీకట్టీ ఈ వేళ్ళు ఇలాగ అయిపోయాయండి. కట్టడం, అమ్మడమే గానీ, ఒక కొండ మీద గులాబీ వరి చేలాగ పండుతుందని ఎప్పుడూ వినలేదు. మా అమ్మాయి ఫోన్లో చూపించింది. ఈ నెలా, వచ్చే నెలా ఉంటాయంటండి, తర్వాత ఉండవంట. నా వీసా కూడా అంతేనండి. అవీ నేనూ ఒకేసారి అయిపోతాం."

"అమ్మా, ఆ మాటలేంటి!"

"వీసా గురించేనే!"

గ్రీన్ మౌంటెన్ అంటే జబల్ అఖ్దర్. కొండ మొదట్లో పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. ఫోర్ వీల్ బండి కాకపోతే అక్కడి నుంచే వెనక్కి పంపుతారు. ఎక్కడానికి బలం కావాలి గనుక ఆ నియమం పెట్టారని చాలామంది అనుకుంటారు. అసలు భయం దిగడంతోనే. పైనుంచి కిందదాకా రోడ్డు వాలుతూనే ఉంటుంది. ఆ పొడుగునా బ్రేకు తొక్కుతూ వస్తే బ్రేకులు కాలిపోయి, ఒకచోటికి వచ్చాక ఎంత తొక్కినా పట్టవు. దాన్ని బ్రేక్ ఫేడ్ అంటాం. అలా అదుపు తప్పిన బండ్లు ఎక్కి ఆగడానికే రోడ్డు పక్కన అక్కడక్కడా ఎదురు వాలుగా మట్టి దార్లు పోసి ఉంచారు. ఆ కొండను బ్రేకు మీద కాదు, గేరు మీద దిగాలి. ఇలాంటి బండిలో ఫోర్ లో అని ఒక గేరు ఉంటుంది. అది వేస్తే ఇంజినే చక్రాలను పట్టి ఉంచుతుంది. నిండు కడవ ఎత్తుకున్న మనిషిలా బండి అడుగు చూసుకుంటూ దిగుతుంది. మామూలు ఒకటో గేరు కూడా కొంత పట్టుకుంటుంది గానీ, నిండు బరువుతో ఆ వాలుకు అది చాలదు.

ఆయిల్ దించడానికి పెట్టి చక్రాలు విప్పాను. విప్పగానే చెయ్యి ఆగింది. బ్రేకు డిస్కులు, అంటే బ్రేకు అదిమిపట్టే ఇనుప పళ్ళాలు, నీలం తిరిగి ఉన్నాయి. ఇనుము బాగా కాలి చల్లారితే ఆ రంగు వస్తుంది. అమెరాత్‌లో సైట్‌కూ రూమ్‌కూ తిరిగే బండికి ఆ రంగు రాదు. ఈ బండి ఎప్పుడో కొండ దిగింది, బ్రేకు మీద దిగింది. ఫోర్ లో ఉన్న బండిని బ్రేకు మీద ఎందుకు దించారు? నడిపినవాడికి తెలియక కావచ్చు, ఆ గేరు పనిచేయక కావచ్చు.

లోపల కూర్చుని ఫోర్ లో వేశాను. డాష్‌బోర్డు మీద లైటు ఠక్కున వెలిగింది. అదే నాకు నచ్చలేదు. ఇంజిన్ బలాన్ని ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ అని ఒక పెట్టె కింద ఉంటుంది. గేరు మారినట్టు అందులోంచి ముందు ఒక చప్పుడు రావాలి, ఆ తర్వాత లైటు వెలగాలి. చప్పుడు రాలేదు. పక్క షెడ్డు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి తీగ వెంట వెతికించాను. లైటు తీగను గేరు దగ్గర నుంచి తప్పించి నేరుగా స్విచ్చికి కలిపి ఉంది. స్విచ్చి తిప్పితే లైటు వెలుగుతుంది, గేరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. గేరును జరిపే మోటారు ఏనాడో బిగుసుకుపోయింది. ఎవడో మోటారును బాగు చేయకుండా లైటును బాగు చేశాడు.

ఏటా పోలీసులు చేసే తనిఖీలో ఇది బయటపడదు. అక్కడ బ్రేకు, టైరు, లైటు, పొగ చూస్తారు. కొండ దించి చూడరు.

తల్లీకూతుళ్ళు షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీల మీద చాయ్ తాగుతున్నారు. మెత్తగా చెప్పడం నాకు రాదు.

"ఈ బండితోని కొండ ఎక్కుతరమ్మా. దిగుడు మాత్రం మీ చేతుల ఉండది," అన్నాను.

వసుంధర కప్పు కింద పెట్టింది. నీలం డిస్కులు చూపించాను, తీగ చూపించాను. ఆమె రెండు ప్రశ్నలే అడిగింది. ఇది బాగవుతుందా? బాగు చేయకుండా వెళ్తే ఏమవుతుంది? రెండింటికీ జవాబు చెప్పాను. "అయితే తిరిగి ఇచ్చేద్దాం. రేపు పేరు మార్చుకోవద్దు," అంది.

"ఇవ్వడానికి వీల్లేదు," అన్నారు రత్నమ్మ గారు.

"అమ్మా, విన్నావు కదా!"

"విన్నాను. పూజ చేయించిన బండి వెనక్కిస్తే మంచిది కాదు. మీ నాన్న ఇలాగే పూజ అయిన స్కూటరు నచ్చలేదని తిరిగిచ్చేశారు. నెల తిరక్కుండా కాలు విరగ్గొట్టుకున్నారు."

"స్కూటర్ మీంచి పడ్డడా?" అన్నాను.

"కాదండి. మెట్ల మీంచి."

"మరి స్కూటర్ ఏం జేసిందమ్మా?"

"అదేనండి నేను చెప్పేది! స్కూటరు ఉంటే మెట్లెక్కే పని ఏముంది ఆయనకి?"

వసుంధర నెత్తి పట్టుకుంది. డ్రైవరుతో సహా వేరే బండి అద్దెకు మాట్లాడుకుందామంది. పూజ చేయించిన బండిని ఇంటి ముందు నిలబెట్టి, ముక్కూమొహం తెలియని బండెక్కి కొండకు పోతే దేవుడికి ఏం సమాధానం చెప్పాలని తల్లి అడిగింది. "ఈ బండిలో వెళ్ళి, ఈ బండిలో దిగుతామని మొక్కుకున్నాను. మెల్లగా దిగితే ఏమీ అవ్వదు. దేవుడున్నాడండీ."

"దేవుడు ఉన్నడమ్మా. ఫోర్ లో లేదు."

వసుంధరకు నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. తల్లి ముఖం చూస్తే మాట పడినట్టు ఉంది. కూతురికి నా మాట మీద నమ్మకం కుదిరింది, అయినా తల్లిని కాదనలేకపోతోంది. మర్నాడు కాగితం అయిపోతే, ఆ తర్వాతి వారం ఈ ఇద్దరూ ఇదే బండిలో ఆ కొండ మీద ఉంటారు. ఈ వాడలో నా పని చెప్పడం వరకే. వినకపోతే చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ కొండ కింద ఒకసారి నేను బండి లాగడానికి వెళ్ళాను. అందులో ఉన్నవాళ్ళ గురించి ఇక్కడ రాయను. చేతులు దులుపుకోబుద్ధి కాలేదు.

"అమ్మా, ఇట్ల రాండ్రి," అని లేపాను. బండిని లిఫ్టు మీద నాలుగు చక్రాలూ జానెడు గాల్లోకి వచ్చేటట్టు ఎత్తి, ఆమెను ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టాను. ఇంజిన్ ఆడించి మామూలు గేరు వేశాను. చక్రాలు తిరిగాయి. "ఎంత జోరుగ తిరుగుతున్నయో సూసుకోండ్రి," అన్నాను. ఆపి, ఫోర్ లో వేసి మళ్ళీ తిప్పాను. "ఇప్పుడు నత్త లెక్క తిరగాలె."

చక్రాలు అదే జోరు మీద తిరిగాయి. ఆమె లేచి దగ్గరికి వచ్చారు. లైటు చూపించమన్నారు. నేను లిఫ్టు దించి తలుపు తీస్తే లోపలికి వంగి చూశారు.

"వెలుగుతోంది కదండీ?"

"లైటుకు దొంగ తీగ ఇచ్చిండ్రమ్మా. గేరుకు ఏం లేదు."

ఆమె స్విచ్చిని తానే ఒకసారి తిప్పి చూశారు. తర్వాత కూతురి వైపు తిరిగి, "అడుగు చిగురేనే ఇది," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పారు. గులాబీ అంటు కట్టేటప్పుడు కింద అడవి గులాబీ మొద్దు ఉంటుంది, దాని బెరడులో మంచి గులాబీ మొగ్గను కూర్చి కడతారు. ఒక్కోసారి ఆ మొగ్గ లోపలే చచ్చిపోతుంది. అయినా మొక్క పచ్చగానే ఉంటుంది, ఇంకా ఏపుగా పెరుగుతుంది. ఎందుకంటే ఆ చిగురు అడుగునున్న అడవి మొద్దుది. కొన్నవాళ్ళు మురిసిపోతారు, నీళ్ళు పోస్తారు, ఎరువు వేస్తారు. కోరిన పువ్వు మాత్రం ఎన్నటికీ పూయదు.

"అట్లాంటి మొక్క వాపస్ తెస్తే తీసుకునేటోల్లా?" అని అడిగాను.

"తీసుకోకపోతే ఎలాగండీ? గృహప్రవేశానికని పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి పట్టుకెళ్ళినవాళ్ళూ తెచ్చేవారు. మార్చి ఇచ్చేదాన్ని." అంటూనే ఆగిపోయారు. తన నోటి నుంచి వచ్చిన మాట తనకే వినిపించినట్టుంది. కాసేపు బండి చుట్టూ తిరిగారు. తిరిగి వచ్చి, "వెనక్కివ్వనండి. ఆ మాట మీద నేను మారను. కానీ బాగు చేసి ఇమ్మనండి. బాగయ్యేదాకా కాగితమూ వద్దు, కొండా వద్దు. ఆ అబ్బాయిని పిలవండి," అన్నారు.

పూజ చెడదు, ప్రాణమూ పోదు. నాకు తోచని దారి అది.

నరేశ్ మధ్యాహ్నానికి కంపెనీ పికప్‌లో వచ్చాడు. విషయం చెప్పగానే నన్ను పక్కకు లాగాడు.

"ఏంది కాకా ఇది? నా ఎగ్జిట్ కాగితాలు ఆగిపోతయ్. టికెట్ తీసుకున్న. ఆల్లు ఆంధ్రోల్లు, నువ్వు మనోడివి. ఆయిల్ మార్చి పంపితే అయిపోవు గద!"

"బండి కింద పన్నప్పుడు నేను ఎవ్వని మనోన్ని కాదు రా."

"పోలీసు తనిఖీల పాసైంది. లైటు మండుతుంది. నేను కొన్నప్పుడు గూడ గిట్లనే మండింది. ఇంకేం గావాలె?"

"ఎవనికాడ కొన్నవ్?"

"నిజామాబాద్ అన్న. మస్తు మంచోడు."

"సూపెట్టుకున్నవా?"

"మనోడే గద కాకా..."

అనేసి వాడే ఆగాడు. బండి ఎక్కమన్నాను. మా షెడ్డు వెనక కొండను తొలిచి తీసిన ఏటవాలు మట్టి దారి ఉంది, బండ్లు పరీక్షించడానికి వాడుకుంటాం. వాణ్ణే నడపమని పక్కన కూర్చున్నాను. ఫోర్ లో వేయించి, బ్రేకు మీద నుంచి కాలు తీయమన్నాను. బండి జారుకుంటూ జోరందుకుంది. వాడు బెదిరి బ్రేకు తొక్కాడు. తర్వాత షెడ్డు సొంత బండి తెచ్చి అదే చోట ఫోర్ లో వేసి కాలు తీయించాను. అది గురగురమంటూ మెల్లగా దిగింది. పక్కన నడిచి రావచ్చు.

నరేశ్ స్టీరింగు వదల్లేదు. "కాకా, పండుగ సెలవులల్ల రూమోల్లం అందరం నా బండిలనే గ్రీన్ మౌంటెన్ పోయినం. దిగంగ పొగ అచ్చింది. వాసన అచ్చింది. ఆపి, చక్రాల మీద నీల్లు పోసి, సెల్ఫీలు దిగినం," అన్నాడు. "ఆరుగురం ఉంటిమి."

"నీల్లు పొయ్యద్దు రా. కాలిన డిస్క్ మీద నీల్లు పోస్తే వంకర పోతది," అన్నాను. ఆ సమయంలో చెప్పవలసింది అది కాదేమో. వాడు విన్నట్టు కూడా లేదు. కిందికి దిగి, నేరుగా రత్నమ్మ గారి ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"అమ్మా, నాకు ఎరుక లేదు. ఒట్టు."

"తెలిసి ఇచ్చావని నేను అన్లేదు నాయనా. నువ్వు కూడా పసుపు రాసే కొనుక్కుని ఉంటావు."

"లేదమ్మా. నిమ్మకాయలే."

"అదే మరి," అన్నారావిడ.

ఆదివారం పేరు మారలేదు. కొత్త మోటారు తెప్పించాలంటే నరేశ్ ప్రయాణం రోజు దాటిపోతుంది. కాబట్టి బర్కా వైపు స్క్రాప్ యార్డులకు బయలుదేరాం. గుద్దుకున్న బండ్లు, వాన పడితే పొంగే వాదీ వాగుల్లో కొట్టుకుపోయిన బండ్లు అక్కడ ఎండకు పడి ఉంటాయి. వాటి మంచి భాగాలు విప్పి అమ్ముతారు. నరేశ్ నాతోపాటు వచ్చాడు. నీళ్ళలో మునిగిన బండి భాగం వద్దని ఒక మోటారును పక్కన పెట్టించాను. ఇంకోటి చూడటానికి బాగుంది గానీ కరెంటు ఇస్తే కదల్లేదు. అప్పటికి నరేశ్‌కు సహనం పోయింది. "ఏదో ఒకటి తీసుకో కాకా," అన్నాడు. ఆ మాట అనగానే తనకే సిగ్గేసి, తానే ఇంకో వరసలోకి వెళ్ళి వెతికాడు. పక్కకు పల్టీ కొట్టిన, అదే మోడలు బండి ఒకటి వాడికే దొరికింది. దాని మోటారు కరెంటు ఇచ్చీ ఇవ్వగానే కదిలింది.

ఖర్చు ఎవరిదన్న దగ్గర కాస్త గొంతులు లేచాయి. చివరకు మోటారు, డిస్కులు నరేశ్ పెట్టుకున్నాడు, నా కూలి వసుంధర ఇచ్చింది. కూలి నేను పూర్తిగా తీసుకున్నాను. ఊరికే చేసిన పని మీద ఎవరికీ గురి ఉండదు. మోటారు బిగించి, డిస్కులూ బ్రేకు ప్యాడ్లూ మార్చి, దొంగ తీగ పీకేసి అసలు తీగ కలిపాను. ఫోర్ లో వేస్తే కింద చప్పుడు వచ్చింది, తర్వాత లైటు వెలిగింది. మట్టి దారి మీద వసుంధర చేతే దించాను. దిగడం వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ ఎక్కించి దింపించాను. "అంకుల్, నాకు లైసెన్సు ఉంది," అని విసుక్కుంది. "కొండకు లేదు," అన్నాను. రత్నమ్మ గారు ప్రతిసారీ పక్కసీట్లోనే కూర్చున్నారు.

ఆ తర్వాత పేరు మారింది. నరేశ్ కాగితాలు కదిలాయి. పోయే ముందు షెడ్డుకు వచ్చి, "కాకా, కోపమైతే లేదు గద?" అన్నాడు. "నీ మీద ఎందుకు రా? నీకు అమ్మినోని మీద ఉన్నది," అన్నాను. "ఆయనకు గూడ ఎవడో మనోడే అమ్మిండట కాకా. ఫోన్ జేసి అడిగిన," అన్నాడు. ఇద్దరం నవ్వలేకపోయాం.

ఈ హడావుడిలో గులాబీల రోజులు చాలావరకు జరిగిపోయాయి. వాళ్ళు కొండెక్కేసరికి మడుల్లో పువ్వులు పలచబడ్డాయట. పొద్దున్నే తోటవాళ్ళు కోసుకున్నవి కోసుకోగా మిగిలినవి చూశారు. ఆ రోజు నేను పనిలో ఉన్నాను గానీ చేయి పనిలో లేదు. ఒక బోల్టును రెండుసార్లు బిగించి, రెండుసార్లు విప్పాను. బిగించినవాణ్ణి నేనే, చూసినవాణ్ణీ నేనే. అయినా స్క్రాప్ నుంచి తెచ్చిన మోటారు. ఆ వాలు. ఆ ఇద్దరు మనుషులు. మధ్యాహ్నం దాటాక ఫోన్ మోగింది.

"మేస్త్రీ గారూ, పోలీసోళ్ళ గేటు దగ్గరున్నామండి."

"ఎక్కే గేటా, దిగే గేటా?"

"గేటు ఒక్కటేనండి, మేం కిందికొచ్చేశాం."

"బ్రేకు వాసన అచ్చిందా?"

"గులాబీ వాసన తప్ప ఏమీ లేదండి. పైన ఇళ్ళల్లో మట్టి పొయ్యిల మీద పన్నీరు కాస్తున్నారు. మా అమ్మాయి ఒక సీసా కొని బండిలో ఒలకబోసింది. దారి పొడుగునా దాన్నే తిట్టుకుంటూ దిగేశాను. కొండ సంగతి మర్చిపోయానండి."

నేను బోల్టు బిగించి చేతులు తుడుచుకున్నాను. పువ్వులు సరిగా చూడలేకపోయినందుకు ఆమెకు కష్టంగా ఉందేమోనని అడిగాను. "మిగిలినవి చూశానండి. తోట ఆవిడకి తెలుగు రాదు, నాకు అరబ్బీ రాదు. కొమ్మ ఎక్కడ కత్తిరించాలో ఇద్దరికీ తెలుసు. మాట్లాడుకున్నాం," అన్నారు.

ఈ బండి వల్ల నేను నేర్చుకున్నది చెబుతాను. అంతకుముందు ఎవరైనా బండి తెస్తే, అది మంచిదా చెడ్డదా అని చూసేవాణ్ణి. నరేశ్ బండి అమెరాత్‌లో సైట్‌కూ రూమ్‌కూ మధ్య ఏళ్ళ తరబడి ఒక్కరోజూ మొండికెయ్యలేదు. ఆ దారికి అది మంచి బండే. వాడు అబద్ధం చెప్పలేదు. వాడికి అమ్మినవాడూ చెప్పి ఉండడు. అదే బండి గులాబీల కొండకు పోతే ఇద్దరి ప్రాణం తీసేది. బండి దాని అంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది పోవలసిన దారి తెలియకుండా దాన్ని చూసిన మెకానిక్ చూసినట్టు కాదు. ఇప్పుడు బానెట్ ఎత్తకముందే ఎక్కడికి పోతారని అడుగుతున్నాను. కొందరికి కోపం వస్తుంది. నా సొంత సంగతులు నీకెందుకంటారు. రానివ్వండి.

మొన్న ఒక తెలుగు పిల్లగాడు చిన్న కారు తెచ్చాడు. కొత్తగా ఉద్యోగానికి వచ్చాడట. "మంచిదేనా కాకా?" అన్నాడు.

"ఎక్కడికి పోవాలె?"

"ఎక్కడికీ లేదు. రూమ్ నుంచి ఆఫీసుకు."

"అయితే మంచిదే. తీసుకో," అన్నాను. వాడు సంతోషపడి తాళాలు అందుకున్నాడు. గేటు దాటబోతుంటే మళ్ళీ కేకేసి ఆపాను.

"మీ అమ్మ వస్తే మాత్రం ముందుగాల నా దగ్గరికి తీసుకరా."

"అమ్మనా, బండినా కాకా?"

"ఇద్దరినీ," అన్నాను.